తొట్టెల బొంత విప్పి మళ్లీ కుట్టడం

మా బిడ్డ మొదటి కాన్పుకు నల్గొండ వచ్చినప్పుడు, ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసే నాటికి అందాలని ఒక చిన్న బొంత కుట్టాను. రెండు మూరల వెడల్పు, రెండున్నర మూరల పొడవు. టేపు లెక్కన 36 అంగుళాలు, 45 అంగుళాలు. పైన మా అమ్మ కట్టిన నారాయణపేట నూలు చీరె గళ్ల ముక్కలు, నడుమ నాన్న పాత ధోవతి రెండు మడతలు, అడుగున బజారు నుంచి తెచ్చిన కొత్త తెల్లగుడ్డ, చుట్టూ ఎర్ర పోచంపల్లి పట్టీ. కుట్టిన రోజు చూడముచ్చటగా ఉంది. ఒక్కసారి ఉతికి ఆరేస్తే నూనెలో పడ్డ అప్పడం లెక్క నాలుగు మూలలూ లేచి కూచున్నాయి. అడుగున తెలుపు మీద గులాబీ మరకలు.

లేచింది మూలలు కాబట్టి మూలలే విప్పాను. సర్ది, లాగి, మళ్లీ కుట్టాను. రెండో ఉతుకుకు మళ్లీ అదే కథ. అప్పుడు మా పెద్దమ్మ ఆ బొంతను ఒళ్లో వేసుకొని చేత్తో తడిమి అన్నది: "మూలలల్ల ఏం తప్పున్నది బిడ్డా? అడుగుగుడ్డ నీళ్లు చూడకముందే కుట్టినవు. అది గుంజుకపోయింది, మూలలు లేసినయి. పుండొక దిక్కు, మందొక దిక్కు పెట్టినవు."

నేను రెండు మధ్యాహ్నాలు వృథా చేసి తెలుసుకున్నది అదే. బొంతలో తప్పు కనబడే చోటు వేరు, పుట్టే చోటు వేరు. విప్పాల్సింది పుట్టిన చోట. ఆ చోటు పట్టుకోవడం, గుడ్డ చిరగకుండా విప్పడం, మళ్లీ అదే తప్పు రాకుండా కుట్టడం ఎట్లాగో చెబుతాను. నాది చేతికుట్టు. మిషను కుట్టు సంగతి కూడా అక్కడక్కడా వస్తుంది.

ముందు ఉతకొద్దు, కత్తెర పట్టొద్దు

తప్పు కనబడగానే చెయ్యి కత్తెర మీదికి పోతుంది. ఆగండి. బొంతను పొద్దున పూట కిటికీ దగ్గర నేల మీద పరవండి. వెలుగు పక్క నుంచి వాలుగా పడితే ముడతలు, ఉబ్బులు నీడలు పట్టి కనబడతాయి. నడినెత్తి ఎండలో ఏమీ కనబడదు. అరచేతిని నడుమ నుంచి అంచు వైపు మెల్లగా జరపండి. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ గుడ్డ కింద ఇంకో గుడ్డ ముద్దలా తగిలిందో అక్కడ ఒక పిన్నీసు గుచ్చండి. తర్వాత తిప్పి అడుగు వైపు కూడా అట్లాగే చూడండి. చాలామంది అడుగు చూడరు. ముడత దాక్కునేది అక్కడే.

రెండు వైపులా ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. విప్పాక ఏ ముక్క ఎటు ఉండేదో గుర్తుండదు. గళ్ల చీరె ముక్కలైతే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. నేను కాగితపు టేపు ముక్కల మీద ఒకటి, రెండు, మూడు అని రాసి అంటించుకుంటాను.

ఏ తప్పు ఎక్కడ పుడుతుంది

మూలలు లేవడం, బొంత మొత్తం గిన్నెలాగా వంగడం: ఒక పొర గుంజుకుంది, ఇంకోటి గుంజుకోలేదు. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకుకు నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు తగ్గడం మామూలే. 45 అంగుళాల పొడవుకు లెక్కేయండి, ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల పైన పోతుంది. ఇరవై ఏళ్లు ఉతికిన అమ్మ చీరె మాత్రం తగ్గేదంతా ఎప్పుడో తగ్గిపోయింది. ఈ రెండింటినీ కలిపి కుడితే జరిగేది ఇదే. మూలలు ఎన్నిసార్లు విప్పినా లాభం లేదు, అడుగుగుడ్డ బయటికి రావాల్సిందే.

అడుగున ముడతలు పడి వాటి మీదే కుట్టు పడిపోవడం: పొరలను కచ్చాకుట్టుతో, అంటే తర్వాత తీసేసే పొడుగు కుట్లతో, సరిగ్గా పట్టించలేదన్నమాట. పైపొరను చేత్తో సర్దుతూ కుడుతున్నప్పుడు అడుగుపొర కొంచెం కొంచెంగా జరుగుతూ పోతుంది. ఆ జరుగుడంతా చివరి వరుస దగ్గర కుప్పపడుతుంది. ముడత చివర్లో ఉన్నా, దానికి మూలం నాలుగైదు వరుసల వెనక ఉంటుంది. ముడత నుంచి వెనక్కి వేలితో తడుముతూ పొండి. గుడ్డ చదునుగా తగిలే మొదటి వరుస దొరికే దాకా. అక్కడి దాకా విప్పాలి.

కుట్టు వరుస పొడుగునా చిన్న చిన్న ముడుతలు, కుచ్చుల అంచు లాగా: పొరల తప్పు కాదు, దారాన్ని గట్టిగా గుంజారు. చేతికుట్టులో నాలుగైదు కుట్లు ఒకేసారి సూది మీద ఎక్కించి లాగినప్పుడు వస్తుంది ఇది. మిషను మీదైతే దారం బిగువు ఎక్కువైంది. మంచి వార్త ఏమిటంటే దీనికి కొన్నిసార్లు విప్పనవసరమే లేదు. దారం చివర ముడి తెంపి, బొటనవేలు గోటితో వరుస పొడుగునా గుడ్డను మెల్లగా సాగదీస్తూ పోతే దారం తనకు కావలసినంత లోపలికి తీసుకుంటుంది. తర్వాత కొత్త దారం ముక్కతో చివర కట్టేయొచ్చు.

దూది ముద్దలు కట్టడం: నడుమ చీరె పొరలు కాకుండా బూరుగు దూదో, పత్తి దూదో పెట్టినప్పుడు వస్తుంది. కుట్టు వరుసల నడుమ బెత్తెడు కంటే ఎడం ఉంటే దూది ఒకచోటికి చేరుతుంది. విప్పి దూది సర్ది అవే వరుసలు మళ్లీ కుడితే మళ్లీ చేరుతుంది. నడుమన ఇంకో వరుస రావాలి. నన్నడిగితే చంటిపిల్లల బొంతకు దూదే వద్దు. మన పాలమూరు, నల్గొండ ఎండలకు పాత ధోవతి రెండు మడతలు చాలు. బజారులో దొరికే ఫైబర్ షీటు పెడితే పిల్లలకు వీపంతా చెమటే.

కుట్టు పక్కన గుడ్డ చీలడం: పాత మెత్తటి చీరెకు గట్టి పాలిస్టర్ దారం వేశారు. గుడ్డకూ దారానికీ పోరు వస్తే అరిగిన గుడ్డే తెగుతుంది. నూలుకు నూలుదారమే వేయాలి. మిషను కుట్టు మరీ సన్నగా వేసినా ఇదే గతి. వరుసగా పొడిచిన రంధ్రాలు చింపుకునే కాగితం మీది గీతలా పని చేస్తాయి.

రంగు దిగడం: కుట్టు తప్పు కాదు, కుట్టక ముందు చేయాల్సిన పని చేయకపోవడం. దీని సంగతి ముందుకు పోయాక చెబుతాను.

ఇక వంకర వరుసలు, చిన్నాపెద్దా కుట్లు. వీటిని తప్పుల్లో వేయను. మూడు నెలల బిడ్డకు వంకర తెలియదు. అయితే కుట్టు అరంగుళం దాటితే మాత్రం విప్పండి, అది అందం కోసం కాదు. పొడుగు కుట్టులో కాలివేలు ఇరుక్కుంటుంది. ఊడిన దారం పోగో, వెంట్రుకో వేలికి చుట్టుకొని బిగిస్తే వేలు ఉబ్బి రక్తం ఆడదు. డాక్టర్లు దీన్ని అత్యవసరంగానే చూస్తారు. బిడ్డ ఊరికే గుక్కపట్టి ఏడుస్తుంటే కాలివేళ్లు, చేతివేళ్లు ఒకసారి చూడమని అంటారు, అందుకే.

ఎంత విప్పాలి

బొంత మొత్తం విప్పితే అది మీ చేతిలో మళ్లీ పాత గుడ్డల మూటే. తక్కువ విప్పడమే తెలివి. కాకపోతే ఒక చోట విప్పితే లోపలివన్నీ కనబడతాయి. సోదికి పోతే పాత రంకు బయటపడ్డట్టు, నేను అడుగుగుడ్డ కోసం విప్పితే నడిమి ధోవతిలో అరచేయంత చిరుగు కూడా బయటపడింది. దానికి మాసిక వేసి మూయాల్సి వచ్చింది. అట్లాంటివి ఏవి బాగు చేయాలో, ఏవి వదిలేయాలో ముందే అనుకోండి. లేకపోతే పని తెగదు.

తప్పు ఒక్క వరుసలో ఉంటే అంచు ముట్టుకోకుండా ఆ వరుసే విప్పొచ్చు. తప్పు పొరల్లో ఉంటే మాత్రం కుట్టిన వరుసకు తిరుగు వరుసలో పోవాలి. ముందు అంచు పట్టీ, తర్వాత కుట్టు వరుసలు, చివరన పై ముక్కల అతుకులు. అతుకులు బాగున్నంత కాలం వాటి జోలికి పోవద్దు. అడుగుగుడ్డ ఒక్కటే మార్చాలంటే పైపొర, నడిమి పొర కలిపి కచ్చాకుట్టు ముందే వేసి, అప్పుడు అడుగును విప్పండి. ఈ ఒక్క పని చేస్తే పైభాగం చెదరకుండా ఒక్క ముక్కగా చేతికి వస్తుంది. నేను చేయలేదు. పై ముక్కలు నడుమ మడతలతో కలగాపులగమై సగం రోజు పోయింది.

విప్పడం

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. సన్నమొన కత్తెర, ఒక మొద్దు సూది, కనుబొమ్మల వెంట్రుకలు తీసే చిన్న చిమ్మట, పాత దారాలు వేయడానికి ఒక గిన్నె. కుట్లు తెంపే చిన్న పనిముట్టు, సీమ్ రిప్పర్, ఉంటే మంచిది, దర్జీ సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. అరబ్లేడుతో విప్పే అలవాటు చాలామందికి ఉంది. కొత్త జాకెటు గుడ్డ మీద నడుస్తుంది కానీ ఇరవై ఏళ్ల చీరె మీద బ్లేడు పెట్టొద్దు. దారం ఎక్కడో, గుడ్డ ఎక్కడో దానికి తెలియదు.

బొంతను ఒళ్లో వేసుకొని గుంజుతూ విప్పకండి. నేల మీదో, బల్ల మీదో చదునుగా పరిచి విప్పాలి. గుంజితే పడుగు (నిలువు), పేక (అడ్డం) పోగులు పక్కకు జరిగి, విప్పాక కూడా గుడ్డ సాగిపోయే ఉంటుంది.

చేతికుట్టుకు: అడుగు వైపు తిప్పండి. మొద్దు సూదిని కుట్టు కిందికి, గుడ్డకు ఆనించి పోనిచ్చి కొంచెం లేపండి. లేచిన దారాన్ని కత్తెర మొనతో తెంపండి. నాలుగైదు కుట్లు వదిలి ఇంకోటి తెంపండి. అట్లా ఒక జానెడు దూరం పోయాక పై వైపు తిప్పి చిమ్మటతో దారం ముక్కలు ఒక్కొక్కటే పైకి తీయండి. ముక్క పొట్టిదైతే సులువుగా వస్తుంది. పొడుగు దారాన్ని ఒకేసారి లాగితే అది రంపం లెక్క గుడ్డను కోస్తుంది. మా పెద్దమ్మ మాటల్లో: "దారం మీద కోపం గుడ్డ మీద తీయకు."

మిషను కుట్టుకు: కింది దారం, అంటే బాబిన్ దారం, ఉన్న వైపు నాలుగైదు కుట్లకు ఒకటి చొప్పున తెంపండి. తర్వాత పై వైపు నుంచి పై దారం కొస పట్టుకొని నేలకు సమాంతరంగా, మెల్లగా లాగితే చాలా వరకు ఒక్క పోగుగా వచ్చేస్తుంది. ఎక్కడైనా ఆగితే ఆపండి. అక్కడ వెనక్కి ముందుకు కలిపి కుట్టిన ముడి ఉంటుంది. దాన్ని కుట్టు కుట్టుగా విప్పాలి. సీమ్ రిప్పర్‌కు రెండు కొనలుంటాయి. ఒకటి పదును, ఇంకోదానికి చిన్న ఎర్ర పూస. పదును కొనను దారం కిందికి దూర్చి ఒక్కొక్క కుట్టే తెంపండి. కొత్త గుడ్డ మీద టైలర్లు దాన్ని నడుమ నుంచి సర్రున తోస్తారు, చూసి మురిసిపోయి పాత చీరె మీద ఆ విద్య చూపకండి.

ఒకవేళ గుడ్డ తెగిందా? అక్కడితో ఆగి, తెగిన అంచులను చేత్తో కలిపి, వెనక వైపు నుంచి అదే చీరె ముక్కతో మాసిక పెట్టండి. మాసిక ముక్క చిరుగు కంటే అన్ని పక్కలా అంగుళం పెద్దదిగా, పడుగు పడుగు వైపే ఉండేట్టు పెట్టాలి. అడ్డం తిప్పి పెడితే ఉతికినప్పుడల్లా అక్కడ గుంజుతుంది.

ఒకేసారి అంతా విప్పాలని కూచోవద్దు. కళ్లు అలసిన తర్వాతే గుడ్డ తెగేది. నాకు ఈ చిన్న బొంతకు రెండు పూటలు పట్టింది.

విప్పిన ముక్కలకు చేయాల్సినవి

విప్పాక సూది రంధ్రాలు వరుసగా చుక్కలు పెట్టినట్టు కనబడి గుండె గుభేలుమంటుంది. నూలుగుడ్డ అయితే భయం లేదు. రంధ్రం అంటే తెగిన పోగు కాదు, పక్కకు జరిగిన పోగు. నీళ్లు చిలకరించి, చెంచా వీపుతో పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి మెల్లగా రుద్దండి. ఉతికి, తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే చాలా వరకు పూడుతాయి. పట్టు మీద మాత్రం గుర్తు మిగులుతుంది. గద్వాల చీరెలో ఒళ్లు నూలు, అంచు పట్టు అని తెలిసిందే. కాబట్టి ఆ చీరె ఒళ్లే బొంతకు వాడండి, అంచు దాచుకోండి. జరీ అంచైతే బిడ్డ చెంపకు గీరుకుంటుంది కూడా.

ఇప్పుడు రంగు. తెల్ల దస్తీ తడిపి, ప్రతి రంగు ముక్క మీద గట్టిగా రుద్దండి. దస్తీకి అంటుకుంటే ఆ ముక్క ఇంకా దిగుతుంది. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని మనందరి నమ్మకం. ఉప్పు పనిచేసేది అద్దకం వేసేటప్పుడు, రంగును పోగులోకి పంపడానికి. అద్దడం అయిపోయిన గుడ్డలో పోగు పట్టుకోక మిగిలిపోయిన రంగును ఉప్పు ఆపలేదు. దాన్ని నీళ్లతో పోగొట్టాల్సిందే. ఆ ముక్కను విడిగా బకెట్లో వేసి, నీళ్లు తేటగా వచ్చే దాకా మార్చి మార్చి జాడించండి. నా ఎర్ర పట్టీకి ఏడు బకెట్లు పట్టింది. ఎనిమిదో బకెట్ తర్వాత కూడా గులాబీ వస్తే ఆ ముక్క చంటిబిడ్డ బొంతకు పనికిరాదని వదిలేయండి. పిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకుంటారు.

పోచంపల్లి గుడ్డలో ఒక సుఖం ఉంది. నేయక ముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దుతారు కాబట్టి డిజైను రెండు వైపులా ఒక్కలాగే ఉంటుంది. పై వైపు ఎండకు వెలిసిపోతే ముక్కను తిప్పేసి కుట్టుకోవచ్చు.

ఇప్పటికే తెలుపు మీద రంగు అంటిందా, అయితే దాన్ని ఎండబెట్టొద్దు, ఇస్త్రీ పెట్టొద్దు. వేడి తగిలితే మరక కూచుంటుంది. పెద్ద టబ్బులో వేడినీళ్లు, సర్ఫు వేసి గుడ్డ పూర్తిగా మునిగేట్టు రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్లు మార్చండి. నూలుకే ఈ పద్ధతి, పట్టుకు కాదు. నాకు మూడు వంతుల మరక పోయింది. మిగిలిన పావు ఇప్పటికీ ఉంది.

నీళ్ల గురించి ఒక మాట. మునుగోడు, మర్రిగూడ వైపు నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఉతుకుడుకు అడ్డం వచ్చేది అది కాదు, బోరు నీళ్లలోని సున్నం. సబ్బు నురగ రాదు, సబ్బు జిగట గుడ్డలోనే ఉండిపోయి ఆరాక అట్టలాగా అవుతుంది. ఆ గుడ్డలో సూది కూడా సాఫీగా పోదు. చివరి జాడింపు నల్లా నీళ్లతో చేయండి. లేదంటే బకెట్‌కు రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలపండి.

కొత్త అడుగుగుడ్డ తెస్తే ఒక రాత్రి నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కొలవండి. నేను ఈసారి కొత్తది తేనేలేదు. పాత మెత్తటి దుప్పటి కోసుకున్నాను.

పరచడం, కచ్చాకుట్టు

మిగతా వాటిలో తొందరపడ్డా పర్వాలేదు కానీ ఇక్కడ వద్దు. కుట్టులో వచ్చే తప్పుల్లో సగం ఈ పూటలోనే పుడతాయి.

ఇంట్లో బండల నేల ఉంటే అదృష్టవంతులు. రెండు బండల నడుమ సందు గీతే మీ కొలబద్ద. అడుగుగుడ్డ లోపలి వైపు పైకి వచ్చేట్టు పరిచి, ఒక అంచును ఆ గీతకు సరిపెట్టండి. అడుగుగుడ్డ పైపొర కంటే నాలుగు పక్కలా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. అంచులను టేపుతో నేలకు అంటించండి. ముడత లేకుండా చదునుగా ఉంటే చాలు. డోలు చర్మంలా బిగించి అంటించారా, టేపు తీయగానే అది వెనక్కి గుంజుకొని పైపొర మీద ముడతలు పుట్టిస్తుంది.

దాని మీద నడిమి పొర, ఆపైన పైపొర. ప్రతి పొరనూ నడుమ నుంచి అంచులకు అరచేత్తో తోయండి. నాలుగు మూలలా బరువు పెట్టండి. నేను నీళ్ల చెంబులు పెట్టాను, ఒకటి దొర్లి పొరలన్నీ తడిశాయి. మీరు పప్పు డబ్బాలు పెట్టుకోండి.

కచ్చాకుట్టుకు పైన ఎక్కడా లేని రంగు దారం తీసుకోండి, తర్వాత తీసేటప్పుడు వెతుక్కోనవసరం లేదు. ముదురు రంగు మాత్రం వద్దు, తెల్ల గుడ్డలో నూగు వదులుతుంది. నడి మధ్యలో సూది దింపి ముందు ఒక కూడిక గుర్తులా నిలువు, అడ్డం కుట్టండి. తర్వాత మూలలకు. ఆ తర్వాత బెత్తెడుకు ఒక వరుస చొప్పున అంతా గడులు గడులుగా. కుట్లు రెండు అంగుళాల పొడుగున్నా సరే. ప్రతి వరుసా నడుమ నుంచే మొదలై అంచుకు పోవాలి. అంచు నుంచి అంచుకు ఒకే దారం లాగితే మళ్లీ అదే జరుగుడు. పిన్నీసులతో సరిపెట్టేవాళ్లున్నారు. పెద్ద బొంతకు సరే, చంటిబిడ్డ బొంతలో ఒక్క పిన్నీసు మరిచిపోయినా ప్రమాదం.

అయిపోయాక టేపు తీసి, బొంతను తిప్పి అడుగు చూడండి. ముడత ఉంటే ఇప్పుడే పదినిమిషాల పని. తర్వాత రెండు రోజుల పని.

మళ్లీ కుట్టడం

గీతలకు పెన్ను, బాల్‌పెన్ వాడకండి. సబ్బు అరిగిపోగా మిగిలిన పలచటి బిళ్ల అంచుతో గీస్తే ముదురు గుడ్డ మీద చక్కగా కనబడుతుంది, ఉతికితే పోతుంది. తెల్లగుడ్డకు నీలం సుద్ద లేతగా వేయండి.

దారం 40 నంబరు నూలుదారం ఒంటిపోగు లేదా రెండు పోగులు. సూది 7 లేదా 8 నంబరు. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మిషనైతే దీనికి తిరుగు: 11 సన్నం, 14 మధ్యరకం, 16 లావు. మూడు నాలుగు పాత పొరలకు 14 సరిపోతుంది. దారం మూరెడు మించొద్దు. పొడుగు తీసుకుంటే మధ్యలో మెలిపడి ముళ్లు పడతాయి, గుడ్డలో నుంచి అన్నిసార్లు పోయి వచ్చి చివరికి నూగు లేస్తుంది.

కుట్టు బియ్యపు గింజంత, ఎడం బియ్యపు గింజంత. వరుసకూ వరుసకూ నడుమ బెత్తెడులో సగం. సూది మీద ఒకేసారి మూడు కుట్లకు మించి ఎక్కించొద్దు. ప్రతి జానెడుకూ ఒకసారి ఆగి కుట్టు మీద బొటనవేలు రుద్దండి, దారం బిగుసుకొని ఉంటే సర్దుకుంటుంది. ఎడమ చెయ్యి ఎప్పుడూ అడుగున ఉండి సూదిమొనను తాకుతూ ఉండాలి. మొన తగలకుండా కుట్టు పడితే అది అడుగు పొరను పట్టుకోలేదన్నట్టే.

పెద్దమ్మ తరం వాళ్లు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుడతారు. నడుమ ముడత రాదా అని అడిగితే నవ్వింది. వాళ్లు ప్రతి చుట్టుకూ బొంతను లేపి దులిపి, మిగులు గుడ్డను వేళ్లతో పంచుతూ పోతారు. యాభై ఏళ్ల చేతులవి. నాకు ఆ చెయ్యి లేదు కాబట్టి నడుమ నుంచి బయటికి కుట్టాను. దేవరకొండ వైపు తండాల్లో లంబాడా ఆడవాళ్లు గీత లేకుండా వేసే కుట్టు చూస్తే ఈ లెక్కలన్నీ ఎందుకనిపిస్తుంది. అయితే వాళ్ల అద్దాలు, గవ్వలు చూసి ముచ్చటపడి చంటిబిడ్డ బొంతకు అతికించొద్దు. ఊడితే తిన్నగా నోట్లోకే.

ముడి పైన కనబడొద్దు. దారం చివర చిన్న ముడి వేసి, కుట్టు మొదలయ్యే చోటికి ఒక అంగుళం దూరంలో పైపొరలోంచి సూది దింపి, కుట్టు మొదట్లో పైకి తీయండి. దారాన్ని కొంచెం ఝాడించి లాగితే ముడి టప్‌మని గుడ్డ లోపలికి దిగిపోతుంది. చివర్లో కూడా అంతే. గుడ్డకు దగ్గరగా ముడి వేసి లోపలికి మింగించి, సూదిని పొరల నడుమ నుంచి అంగుళం దూరం నడిపి బయటికి తీసి తెంపండి. కొస లోపలికి పోతుంది.

అన్ని వరుసలూ అయ్యాకే కచ్చాకుట్టు తీయాలి.

అంచు

నాలుగు పక్కలూ కలిపితే 162 అంగుళాలు. మూలల మడతకు, చివరి కలుపుకు ఇంకో పది. పట్టీ రెండున్నర అంగుళాల వెడల్పు. 45 అంగుళాల పన్నా గుడ్డలో అడ్డంగా కోస్తే నాలుగు పట్టీలు చాలీచాలకుండా సరిపోతాయి, ఐదు కోసుకుంటే నిశ్చింత. మూలలు గుండ్రంగా చేస్తేనే క్రాస్ పట్టీ, అంటే ఐమూలగా కోసిన పట్టీ, కావాలి. పట్టీని పొడుగునా రెండుగా మడిచి, పై వైపు మిషను మీద కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయండి. ఇంతకు ముందు విప్పిన పట్టీ బాగుంటే అదే వాడొచ్చు, పాత మడత గీత ఇస్త్రీతో తీసేశాక.

బిడ్డకు వేసే ముందు

మొదలుపెట్టిన రోజు ఎన్ని సూదులు డబ్బాలోంచి తీశారో గోడ మీదో కాగితం మీదో రాసి పెట్టుకోండి. చివర్లో అన్నీ డబ్బాలో ఉండాలి. ఒకటి తగ్గితే బొంత ఎవరికీ ఇవ్వొద్దు. పాత స్పీకర్‌లోని అయస్కాంతం ఉంటే రెండు వైపులా మెల్లగా జరపండి, ఇనుప సూది పట్టుకుంటుంది. విరిగిన సూదైతే రెండు ముక్కలూ దొరకాలి.

తర్వాత మణికట్టు లోపలి వైపుతో బొంతంతా తడమండి. అరచేతికి తెలియని గరుకు అక్కడ తెలుస్తుంది. వేలాడే కొసలన్నీ కత్తిరించండి. ఇంకోసారి ఉతికి దండెం మీద కాకుండా మంచం మీద నీడకు పరిచి ఆరేయండి. తడి బొంతను దండెం మీద వేలాడదీస్తే బరువుకు నడుమ సాగుతుంది. ఈ ఉతుకే అసలు పరీక్ష. మూలలు నేలను పట్టుకొని ఉంటే గట్టెక్కినట్టే.

బొంత బిడ్డ కింద చాప మీద పరచడానికి, బోర్లా పడే వయసులో ఆడుకోవడానికి. బిడ్డ నిద్రపోతున్నప్పుడు పైన కప్పడానికి కాదు. ఏడాది నిండేదాకా పడుకునే చోట వదులు దుప్పట్లు, దిండ్లు ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు, ముఖం మీదికి వస్తే ఊపిరాడదు.

మా బొంత ఇరవై ఒకటో రోజుకు అందలేదు. మూడో నెలలో అందింది. నడుమ మాసిక పక్కన ఒక వరుస వంకరగానే ఉండిపోయింది. విప్పుదామని సూది తీస్తుంటే మా పెద్దమ్మ చేతిలోంచి లాక్కొని డబ్బాలో వేసింది. లెక్క సరిపోయింది.